విరిగిన ఎముక – బిగిసిన కట్టు

చంద్రగిరి పరిసరాలలో చింతచెట్లకూ మామిడిచెట్లకూ కొదవ లేదు. వాటిని ఎక్కే పిల్లలకు అసలే కొదవ లేదు. ఏడేళ్ళ బాలుడొకడు కొమ్మ విరిగి, చేయి చాచి నేలమీద పడ్డాడనుకుందాం. చూస్తూ ఉండగానే మోచేయి వాచిపోతుంది. దండచేతి ఎముక మోచేతికి కాస్త పైన, పలుచబడిన చోట విరిగింది. ఈ వయసు పిల్లలలో మోచేతి దగ్గర తరచుగా కనిపించే విరుపు ఇదే. ఇంటివారికి రెండు దారులు తోస్తవి. ఒకటి దగ్గరలోని తిరుపతికి, ఆసుపత్రికి. రెండవది తిరుపతిని దాటి పుత్తూరుకు, కట్టుకు. ఏ దారిన పోయినా, ఆ రాత్రి బాలుని చేతిని నిలిపేదీ పోగొట్టేదీ ఒకటే. అది ఎముక కాదు. ముంజేతి కండరాలకు అందే రక్తం.

పుత్తూరు కట్టు పేరు దక్షిణ దేశంలో తెలియనివారు అరుదు. పుత్తూరు సమీపంలోని ఈశ్వరాపురంలో ఒక కుటుంబంవారు పంతొమ్మిదవ శతాబ్దం చివరి కాలం నుంచి తరతరాలుగా ఎముకలు కడుతున్నారు. విరిగిన చోటును వేళ్ళతో తడిమి, లాగి, సరిచేసి, ఆకుపసరు, కోడిగుడ్డు తెల్లసొన పట్టించి, గుడ్డ చుట్టి, వెదురుబద్దలు పెట్టి కడతారు. ఆ పేరు పెట్టుకొన్న బోర్డులు నేడు ఎన్నో పట్టణాలలో కనిపిస్తవి. వాటిలో కట్టేవారందరికీ ఆ అనుభవం ఉన్నదని చెప్పడానికి వీలులేదు.

ఇటువంటి విద్యను ఎగతాళి చేయడం తేలిక, కాని న్యాయం కాదు. ఇంగ్లండులో ఆధునిక అస్థి వైద్యానికి పునాది వేసినవారిలో ఒకడైన హ్యూ ఓవెన్ థామస్ (1834–1891) ఎముకలు కట్టే వంశంలోనే పుట్టాడు. లివర్‌పూల్‌లో అతని తండ్రికి అదే వృత్తి. కొడుకు వైద్యశాస్త్రం చదివి, ఇంటి విద్యలోని నిజాన్ని శాస్త్రంతో జోడించాడు. విరిగిన కాలును కదలకుండా పట్టి ఉంచడానికి అతడు రూపొందించిన ఇనుప చట్రాన్ని మొదటి ప్రపంచ యుద్ధంలో మేనల్లుడు రాబర్ట్ జోన్స్ వాడుకలోకి తేవడంతో, తొడ ఎముక విరిగిన సైనికులలో ఎందరో బ్రతికి బయటపడ్డారు. తొడ ఎముక ఒక్కటి విరిగితే, చర్మం చిట్లకపోయినా, లీటరు నుంచి లీటరున్నర వరకు రక్తం తొడలోకే పారుతుంది. చట్రం ఆపినది ముఖ్యంగా ఆ నష్టాన్ని.

కట్టు చాలామందికి ఎందుకు పనిచేస్తుంది? ఎముక తనంతట తానే అతుకుతుంది కనుక. విరిగిన చోట చేరిన రక్తం గడ్డకడుతుంది. కొద్దిరోజులలో దానిలోకి సన్నని రక్తనాళాలు, కొత్త కణాలు చొచ్చుకొని వస్తవి. రెండు మూడు వారాలకు మెత్తని మృదులాస్థి వంటి పదార్థం రెండు ముక్కలను కలుపుతుంది. తరువాత అందులో సున్నం చేరి గట్టిపడుతుంది. పెద్దవారిలో చేతి ఎముకకు సుమారు 6 నుంచి 8 వారాలు, పిక్క ఎముకకు 12 నుంచి 16 వారాలు పట్టవచ్చును. పిల్లలకు దాదాపు అందులో సగం చాలు. ఆ పైన నెలల తరబడి శరీరం ఆ అతుకును చెక్కి నునుపు చేసుకొంటుంది. అతికించేది పసరూ కాదు, ఉక్కు పలకా కాదు. కట్టేవాడైనా, కోసేవాడైనా చేయగలిగినది ముక్కలను సరియైన స్థానంలో నిలపడం, వాటికి రక్తం అందేటట్లు చూడడం. మొదటిది అందరికీ కనిపిస్తుంది. రెండవదే మరుగున పడుతుంది.

మన కండరాలు వదులుగా వ్రేలాడే మాంసపు ముద్దలు కావు. సాగని గట్టి పొరలు వాటిని సంచులలో బిగించినట్లు కట్టి ఉంచుతవి. పిక్కలో అటువంటి గదులు నాలుగున్నవి, ముంజేతిలోనూ ఉన్నవి. దెబ్బ తగిలినప్పుడు ఆ గదిలోకి రక్తమూ నీరూ చేరతవి. గది సాగదు కనుక లోపలి ఒత్తిడి పెరుగుతుంది. మామూలుగా అది పాదరస మట్టంలో 10 మిల్లీమీటర్ల లోపు. 30 దాటే సరికి సన్నని రక్తకేశనాళికలు మూతపడటం మొదలవుతుంది. అంతకు ముందే పలుచని సిరలు అణగిపోతవి. వచ్చిన రక్తం తిరిగి పోలేదు, వాపు ఇంకా పెరుగుతుంది, ఒత్తిడీ పెరుగుతుంది. దీనిపైన బయటినుంచి బిగుతుగా కట్టు కడితే ఏమవుతుందో చెప్పనక్కరలేదు.

ఇందులో మోసపుచ్చే విషయం ఒకటున్నది. పెద్ద ధమనిలో రక్తపు ఒత్తిడి 100 మిల్లీమీటర్లకు పైన ఉంటుంది. 30, 40 మిల్లీమీటర్లు దానిని మూయలేవు. కాబట్టి మణికట్టు దగ్గర నాడి ఎప్పటివలె కొట్టుకొంటూనే ఉంటుంది, వేళ్ళు వెచ్చగానే ఉండవచ్చును. లోపల కండరం మాత్రం చచ్చిపోతూ ఉంటుంది. పెద్ద కాలువ నిండుగా పారుతున్నా మడవలు పూడిపోతే మడిలో పైరు ఎండిపోవడం సేద్యగాళ్ళకు తెలిసినదే. నాడి ఆడుతున్నది గదా అని ధైర్యం చెప్పి పంపిన చేతులు ఎన్నో తరువాత పనికిరాకుండా పోయినవి.

సిరలే ముందు మూతపడతవని తరగతిలో ఉపాధ్యాయులు తేలికగా చూపవచ్చును. వేలి మొదట రబ్బరు పట్టీని మోస్తరుగా చుట్టి, అర నిమిషం ఉంచి, తీసివేయాలి. రక్తం రావడమే ఆగిపోతే వేలు పాలిపోవాలి. కాని అది ఉబ్బి, ముదురురంగుకు తిరుగుతుంది. పోవడానికి దారి లేక నిలిచిన రక్తపు రంగు అది. అర నిమిషం కంటె ఎక్కువ ఉంచరాదు.

రక్తం అందని కండరం నాలుగు గంటలవరకు చాలావరకు కోలుకోగలదు. ఆరు గంటల తరువాత ఆశ తగ్గుతుంది. ఎనిమిది గంటలైతే నష్టం శాశ్వతం. చచ్చిన కండరం స్థానంలో నారవంటి మచ్చ కణజాలం పేరుకొని, నెలలలో ముడుచుకొంటుంది. మణికట్టు వంగి, వేళ్ళు గోళ్ళవలె ముడుచుకొని, చేయి ఎండిన కొమ్మవలె మిగులుతుంది. జర్మనీలో హాలె నగరంలోని శస్త్రవైద్యుడు రిచర్డ్ ఫాన్ ఫోల్క్‌మాన్ 1881లో దీనిని వర్ణించి, మూలకారణం నరాల దెబ్బ కాదు, బిగుతు కట్ల వలన కండరాలకు రక్తం అందకపోవడమేనని వాదించాడు. ఆ వికారానికి నేటికీ అతని పేరే ఉన్నది. అతడు చెప్పినది నాటు కట్లను గురించి మాత్రమే కాదు. ఆసుపత్రిలో వేసిన పిండికట్టు కూడ ఇదే పని చేయగలదు. ఏ కట్టూ లేకుండ వాపు ఒక్కటే చేయగలదు.

దీనిని పసిగట్టడానికి యంత్రాలకంటె ముందు నొప్పి ఉన్నది. ఎముక విరిగితే నొప్పి ఎటూ ఉంటుంది, కాని కదలకుండా కట్టిన తరువాత అది తగ్గుముఖం పట్టాలి. గంటగంటకూ పెరుగుతూ, మందుకు లొంగకుండ, వేళ్ళను మెల్లగా చాపితే భరించలేనంతగా ఉంటే అనుమానించవలసినదే. చిన్నపిల్లలు నొప్పి ఇదీ అని చెప్పలేరు. ఊరడించినా ఆగని ఏడుపే వారి భాష. తిమ్మిరి, చలనం పోవడం తరువాత వస్తవి. వేళ్ళు పాలిపోయి చల్లబడడం ఇంకా ఆలస్యంగా వచ్చే గుర్తు. దానికోసం కనిపెట్టుకొని ఉండరాదు. “కొత్త కట్టు అట్లాగే ఉంటుంది, తెల్లవారితే సర్దుకొంటుంది” అన్న మాట ఎందరి చేతులను తిన్నదో! అప్పుడు చేయవలసినది కట్టును, లోపలి దూదితో సహా, చర్మం కనిపించేవరకు నిలువునా కోసివేయడం. చేతిని గుండె ఎత్తులోనే ఉంచాలి. మరీ పైకెత్తితే వచ్చే కొద్ది రక్తమూ తగ్గుతుంది. అప్పటికీ తగ్గకపోతే శస్త్రవైద్యుడు చర్మాన్నీ, కింది గట్టి పొరనూ పొడవునా కోసి, గదిని విప్పి, కండరం ఉబ్బడానికి చోటు ఇస్తాడు. ఆ గాయాన్ని వెంటనే కుట్టరు. కొద్దిరోజులు ఆగి, వాపు తగ్గాక మూస్తారు. చాలకపోతే తొడ చర్మం తెచ్చి అతుకుతారు. చూడడానికి భయంకరమే, కాని చేయి మిగులుతుంది.

చర్మం చిట్లి ఎముక బయటికి వచ్చిన గాయం సంగతి వేరు. తిరుపతి నుంచి బెంగుళూరు పోయే రహదారి చంద్రగిరి మీదుగానే పోతుంది. మోటారుసైకిలు ప్రమాదాలలో పిక్క ముందటి ఎముకే తరచుగా ఇట్లా బయటపడుతుంది, దానిపై చర్మం తప్ప కండ లేదు కనుక. ఒకప్పుడు అటువంటి కాలును కోసివేయడమే చికిత్స. 1865 ఆగస్టులో గ్లాస్గో నగరంలో బండి చక్రం కాలిమీదుగా పోయిన పదకొండేళ్ళ బాలునికి జోసెఫ్ లిస్టర్ కార్బాలిక్ ఆమ్లంలో తడిపిన గుడ్డ కట్టాడు. చీము పట్టలేదు, ఆరు వారాలలో ఎముక అతికింది. నేడు ఆ ఆమ్లం వాడరు, సూత్రం మాత్రం అదే. గాయాన్ని నీటితో కడిగి, శుభ్రమైన గుడ్డ కప్పి, వెంటనే ఆసుపత్రికి తీసుకొనిపోవాలి. సూక్ష్మజీవులను చంపే మందు మొదటి గంటలలోనే పడాలి. ధనుర్వాతపు సూది వేయించాలి. చచ్చిన కండనంతా శస్త్రవైద్యుడు కోసి తీసివేయాలి. పేడ, పసరు, మట్టి, పసుపు ఏదీ అటువంటి గాయం దరి చేరరాదు. ఎముక లోపల చీము పట్టితే సంవత్సరాల తరబడి వదలదు.

కీళ్ళ విషయంలో కట్టు ఇంకా బలహీనం. ఎముక నడుమ కాస్త వంకర ఉంటే శరీరం కొంత సర్దుకొంటుంది; కీలు నునుపులో రెండు మూడు మిల్లీమీటర్ల మెట్టు మిగిలినా అది రాపిడికి అరిగి, ముందుగానే కీళ్ళనొప్పి తెస్తుంది. తుంటి కీలు తప్పితే ఆరు గంటలలోగా సరిచేయాలి. వృద్ధులలో తొడ ఎముక మెడ విరిగితే, దాని తలకు రక్తం ఆ మెడమీదుగానే పోతుంది గనుక, తల చచ్చిపోవచ్చును. చాలామందికి కృత్రిమమైన తల అమరుస్తారు. ఇటువంటివారిని మంచాన పడవేసి కట్టుకోసం ఎదురుచూస్తే ఎముకకంటె ముందు ఊపిరితిత్తులు చెడిపోతవి.

ఇక లోహం. 1939లో జర్మనీ వైద్యుడు గెర్హార్డ్ కున్ట్‌షర్ తొడ ఎముక మూలుగ గొట్టంలోకి ఉక్కు కడ్డీ దింపి, రోగిని త్వరగా నడిపించాడు. కడ్డీ వేసినంత మాత్రాన పని పూర్తి అయినట్లు కాదు. అడుగడుక్కీ వంగే లోహం కొంతకాలానికి అలసి విరుగుతుంది. అంతలోపల ఎముక అతకాలి. ఇది పరుగుపందెం వంటిది. రక్తం అందని ఎముక ఈ పందెంలో ఓడిపోతుంది. అందుకే నేడు శస్త్రవైద్యులు ఎముకపైని పొరను వీలైనంతవరకు ఒలవకుండా, చిన్న కోతలతోనే పని ముగించడానికి ప్రయత్నిస్తారు.

చెట్టుమీదినుంచి పడిన బాలుని వద్దకు మళ్ళీ వద్దాం. తిరుపతిలో రుయా ఆసుపత్రి ఉన్నది. తిరుమల తిరుపతి దేవస్థానం నడిపే బర్డ్ ఎముకల ఆసుపత్రి ఉన్నది. అటువంటి చోట మొదట నాడిని, వేళ్ళ కదలికను, స్పర్శను పరీక్షించి వ్రాసిపెడతారు. మత్తు ఇచ్చి, చేతిని లాగి ఎముకను కుదిర్చి, ఎక్స్-రే తెరమీద చూస్తూ చర్మంలోంచి రెండు మూడు సన్నని ఉక్కు తీగలు గుచ్చుతారు. మోచేతిని మరీ మడవరు; చుట్టూ కాక ఒకవైపే పిండికట్టు వేస్తారు, వాపుకు చోటు ఉండాలి గనుక. ఆ రాత్రి నర్సు పలుమార్లు వచ్చి బాలుని వేళ్ళు చాపించి చూస్తుంది. మూడు నాలుగు వారాలకు తీగలు లాగివేస్తారు. అప్పుడు మోచేయి బిగుసుకొని ఉండడం చూచి తల్లిదండ్రులు కంగారుపడి నూనె మర్దనకు బయలుదేరుతారు. అది కూడదు. దెబ్బతిన్న కండను బలంగా పిసికితే అందులోనే ఎముక పుట్టి కీలు మూసుకుపోవచ్చును. బాలుడు తనంతట తాను ఆడుకొంటూ, అన్నం తింటూ, చొక్కా తొడుక్కొంటూ ఉంటే కొద్ది నెలలలో చేయి తిన్నగా వస్తుంది.