చిన్న మోటారు సైకిలుకు పళ్ళ చక్రముల ఎంపిక

పాల క్యానులు, ఎరువు బస్తా, పచ్చిగడ్డి మోపు వేసుకొని చిన్న మోటారు సైకిలుపై తిరుగు రైతులు నేడు ఎందరో కలరు. బరువుతో గట్టు ఎక్కునప్పుడు బండి మూలుగుట, మొదటి గేరులో కూడ క్లచ్చి సగము పట్టి నడపవలసి వచ్చుట వారికి తెలిసినదే. ఇట్లు నడిపిన క్లచ్చి పలకలు త్వరగా అరిగిపోవును. చైను గల బండ్లకు దీనికొక సులభమైన ఉపాయము కలదు. అది స్ప్రాకెట్లను, అనగా చైను తిరుగు పళ్ళ చక్రములను, పనికి తగినట్లు ఎంచుకొనుట.

లెక్క ఎట్లు?

ఇంజను వద్ద చిన్న పళ్ళ చక్రము, వెనుక చక్రము వద్ద పెద్దది ఉండును. పెద్దదాని పళ్ళ సంఖ్యను చిన్నదాని పళ్ళ సంఖ్యచే భాగించవలెను. ముందు 14, వెనుక 42 పళ్ళున్న, వచ్చునది 3. అనగా ముందుది మూడు చుట్లు తిరిగిన వెనుకది ఒక చుట్టు తిరుగును. ఈ అంకె పెరిగిన లాగుడు పెరుగును, వేగము తగ్గును. అంకె తగ్గిన దీనికి విరుద్ధముగా జరుగును.

ముందు 13, వెనుక 42 అయిన 3.23
ముందు 14, వెనుక 45 అయిన 3.21
ముందు 15, వెనుక 42 అయిన 2.80

ముందు ఒక పన్ను తగ్గించుట, వెనుక మూడు పళ్ళు పెంచుట దాదాపు సమానమని దీనివల్ల తేలుచున్నది. ముందు 14కు బదులు 13 వేసిన లాగుడు నూటికి 7 లేక 8 వంతులు పెరుగును. ఇంజను అదే వేగముతో తిరుగుచుండగా గంటకు 50 కిలోమీటర్లు పోవు బండి సుమారు 46 మాత్రమే పోవును. ఇంజను శక్తి ఏమాత్రము పెరగదని గుర్తుంచుకొనవలెను. ఆయిలు ఇంజనుకు చిన్న పుల్లీ వేసిన, అది నడుపు యంత్రము నిదానముగా, బలముగా తిరుగును గదా! ఇదియు అంతే.

హోండా కంపెనీ 1958లో 50 సి.సి. సూపర్ కబ్ బండిని విడుదల చేసెను. అమెరికాలోని ఐడహో రాష్ట్రమున బోయిసీ పట్టణపు వ్యాపారి యొకడు, కొండదారులు ఎక్కుటకై దానికి వెనుక పెద్ద స్ప్రాకెట్ బిగించి విరివిగా అమ్మెను. అది చూచి కంపెనీయే అట్టి మార్పుతో ట్రైల్ 50 బండిని తెచ్చెను.

ఎవరికి ఏది?

నిత్యము బరువుతో గట్లు, మెరకలు ఎక్కువారు ముందు ఒక పన్ను తగ్గించిన చాలును. చదును రోడ్డుపై దూరము పోవువారు మార్చకుండుటయే మేలు. ఏలయన, అదే వేగమునకు ఇంజను ఎక్కువ చుట్లు తిరిగి పెట్రోలు అధికముగా త్రాగవచ్చును. ముందు పన్ను పెంచినచో, బరువు వేసినప్పుడు పై గేరు లాగలేక మరల క్రింది గేరుకే రావలసియుండును.

మార్చుటకు ముందు టైర్లలో గాలి, బ్రేకు పట్టివేత, చైను బిగువు, నూనె, క్లచ్చి చూడవలెను. లోపము వీనిలో ఉన్నచో స్ప్రాకెట్‌పై పెట్టిన డబ్బు వృథా.

బిగించునప్పుడు

420, 428 రకముల చైనులకు లింకుల మధ్య దూరము 12.7 మి.మీ. ఒకటే. కాని వెడల్పు వేరు. కనుక పాత స్ప్రాకెట్‌ను వెంట తీసుకొనిపోయి సరిచూచుకొనవలెను. ముందు ఒక పన్ను తగ్గించిన, వెనుక ఇరుసును సుమారు 3 మి.మీ. వెనుకకు జరపవలసియుండును. వెనుక మూడు పళ్ళు పెంచిన సుమారు 10 మి.మీ. ముందుకు జరపవలెను. అందుకు చోటు లేనిచో పొడుగు చైను కావలెను. సాగిన చైనును క్రొత్త పళ్ళపై వేసిన, ఆ పళ్ళు కూడ త్వరలో అరుగును. అట్టి చైనున్న మూడింటిని కలిపి మార్చుటయే లాభము. ఇంజను ఆపకుండ చైను వద్ద చేయి పెట్టరాదు.

లాగుడు పెరిగినంత మాత్రమున బ్రేకుల బలము పెరగదు. బండికి నిర్ణయించిన బరువును మించరాదు. ఒకసారికి ఒక్క పన్ను మాత్రమే మార్చి, ఎప్పుడును మోయు బరువుతో, ఎప్పుడును పోవు దారిలోనే వారము రోజులు నడిపి చూడుడు. గట్టుపై క్లచ్చి పట్టకుండ బండి ఎక్కినచో, అదియే మీకు తగిన కొలత.