చూపును ఊరి దాకా చేర్చిన శస్త్రవైద్యుడు

అవసరమైన శస్త్రచికిత్స సురక్షితంగా, భరించగల ఖర్చుతో, సకాలంలో అందని వారు ప్రపంచంలో 500 కోట్ల మంది ఉన్నారని లాన్సెట్ వైద్య పత్రిక ఏర్పాటు చేసిన కమిషన్ 2015లో తేల్చింది. ఆస్పత్రి భవనాలు కట్టినంత మాత్రాన ఈ కొరత తీరదు. చేయి తిరిగిన వైద్యులూ, వారికి తోడుగా నిలిచే సిబ్బందీ పల్లెలకు అందుబాటులో ఉండాలి. కంటి వైద్యంలో ఈ సత్యాన్ని ఆచరణలో చూపిన తెలుగువాడు డాక్టర్ గుళ్ళపల్లి నాగేశ్వరరావు.

గుంటూరు వైద్య కళాశాలలోనూ, ఢిల్లీలోని అఖిల భారత వైద్య విజ్ఞాన సంస్థలోనూ చదివిన ఆయన, అమెరికాలో శిక్షణ పొంది, కంటి ముందుభాగాన అద్దంలా ఉండే పారదర్శక పొర అయిన కార్నియా చికిత్సలో నిపుణుడిగా పేరు తెచ్చుకున్నారు. అక్కడి ఉద్యోగం వదులుకొని స్వదేశానికి తిరిగివచ్చి, సినీ నిర్మాత, దర్శకుడు ఎల్.వి. ప్రసాద్ ఇచ్చిన కోటి రూపాయల విరాళం, ఐదెకరాల స్థలం ఆసరాగా 1987లో హైదరాబాద్‌లో ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య సంస్థను ప్రారంభించారు. రోగులకు చికిత్స చేయడంతో పాటు కొత్త వైద్యులను తయారుచేయడం, పరిశోధన, గ్రామీణ సేవ మొదటి నుంచీ ఈ సంస్థ కర్తవ్యాలుగా ఉన్నాయి.

శిక్షణ ఎంత కీలకమో శుక్లం ఆపరేషన్‌ను గమనిస్తే తెలుస్తుంది. కంటిలోని సహజ కటకం, ఎక్కువగా వయసుతో, మసకబారడమే శుక్లం. మందులతో అది నయం కాదు కనుక, మసకబారిన కటకాన్ని తీసి దాని స్థానంలో కృత్రిమ కటకాన్ని అమర్చాలి. కంటి తెల్లపొరలో సొరంగంలా చిన్న కోత పెట్టి చేసే పద్ధతిలో ఆ కోత సాధారణంగా కుట్లు లేకుండానే మూసుకుంటుంది, ఖరీదైన యంత్రమూ అక్కర్లేదు. కానీ అది చేసే చేతికి గట్టి సాధన కావాలి. మైక్రోస్కోపులో చూస్తూ, కాలితో దాని పెడల్‌ను నడుపుతూ, రెండు చేతులతో పరికరాలను కదిలిస్తూ, కటకాన్ని కప్పి ఉండే అతి పలుచని పొరను గుండ్రంగా చీల్చడం విద్యార్థి నేర్చుకోవలసి ఉంటుంది. అందుకే మొదట జంతువుల కళ్ళపై సాధన చేయించి, తర్వాత అనుభవజ్ఞుల పర్యవేక్షణలో ఒక్కొక్క దశనే అప్పగిస్తూ పూర్తి ఆపరేషన్ దాకా తీసుకువెళతారు.

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఎల్.వి. ప్రసాద్ సంస్థ 1996-2000 మధ్య జరిపిన సర్వేలో 10,293 మందిని పరీక్షించగా, జనాభాలో 1.84 శాతం అంధులని అంచనా వేశారు. అందులో 60 శాతానికి శుక్లం, అద్దాలతో సరిదిద్దగల దృష్టిదోషాలే కారణం. అంటే తేలికగా తొలగించగల అంధత్వమే ఎక్కువ. ఈ సమస్యకు డాక్టర్ రావు అంచెల వ్యవస్థను రూపొందించారు: సుమారు 50 వేల జనాభాకు ప్రాథమిక కంటి పరీక్షలు చేసే ఒక విజన్ సెంటర్, ఐదు లక్షల మందికి శుక్లం ఆపరేషన్లు చేయగల ఒక చిన్న ఆస్పత్రి, 50 లక్షల మందికి క్లిష్టమైన చికిత్సల కేంద్రం, వాటన్నిటికీ పైన పరిశోధన, ఉన్నత శిక్షణ అందించే సంస్థ. పల్లెలకు చేరువగా ఉండే ఆస్పత్రుల్లో మొదటిది 1996లో ఉమ్మడి ఆదిలాబాద్ జిల్లా ముధోల్‌లో వెలిసింది. విజన్ సెంటర్లలో స్థానిక యువతకు ఏడాది శిక్షణనిచ్చి విజన్ టెక్నీషియన్లుగా నియమించారు.

కామారెడ్డి జిల్లాలోని భిక్నూర్ వంటి మండల కేంద్రానికి ఈ పద్ధతిని అన్వయిస్తే దాని విలువ తేటపడుతుంది. తునికాకును కొలతకు కత్తిరించి బీడీలు చుట్టే మహిళకు నలభై ఏళ్ళు దాటాక దగ్గరి వస్తువులు మసకగా కనిపిస్తే అది చాలావరకు చత్వారం. ఊరికి దగ్గర్లోనే కళ్ళద్దాలు దొరికితే ఆమె పని ఆగదు. అదే ఊళ్ళో శుక్లం ముదిరిన వృద్ధ రైతును గుర్తించి, ఆపరేషన్ చేసే చోటికి పంపి, తిరిగి వచ్చాక మళ్ళీ పరీక్షించే మనిషి అందుబాటులో ఉంటే, వెంట వచ్చే కొడుకు కూలి పోతుందనో, దారి ఖర్చులకు డబ్బు లేదనో చికిత్స వాయిదా పడదు.

ఈ అనుభవం తెలుగు నేలకే పరిమితం కాలేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థతో కలిసి అంతర్జాతీయ అంధత్వ నివారణ సంస్థ 1999లో ‘విజన్ 2020’ ఉద్యమాన్ని ఆరంభించింది. ఆ అంతర్జాతీయ సంస్థకు డాక్టర్ రావు ప్రధాన కార్యదర్శిగా, తర్వాత అధ్యక్షుడిగా వ్యవహరించారు. ఇతర దేశాల వైద్యులు హైదరాబాద్ వచ్చి శిక్షణ పొందుతున్నారు. పశ్చిమ ఆఫ్రికాలోని లైబీరియాలో కంటి ఆస్పత్రి నెలకొల్పడానికి ఎల్.వి. ప్రసాద్ సంస్థ తోడ్పడింది. 2002లో భారత ప్రభుత్వం డాక్టర్ రావును పద్మశ్రీతో గౌరవించింది.

తెలంగాణ ప్రభుత్వం 2018లో మొదలుపెట్టిన కంటి వెలుగు వంటి శిబిరాలు సమస్యను గుర్తించడానికి ఎంతో ఉపకరిస్తాయి. అయితే శిబిరం ముగిశాక కూడా ఏడాది పొడవునా పనిచేసే శిక్షిత బృందం ప్రతి జిల్లాలో ఉన్నప్పుడే ఆ గుర్తింపు చికిత్సగా మారుతుంది. ప్రభుత్వాలు భవనాలతో సమానంగా శిక్షణకూ నిధులు కేటాయించాలి. ఇంట్లో పెద్దల చూపు మందగిస్తే వయసు మీద పడిందని సరిపెట్టుకోకుండా, వెంటనే కంటి పరీక్ష చేయించడం ప్రతి కుటుంబం బాధ్యత.