వార్తల్లో పదం: మెర్స్

2012లో సౌదీ అరేబియాలో బయటపడ్డ ఈ శ్వాసకోశ వ్యాధికి కారణం ఒంటెల నుంచి సోకే కరోనా వైరస్. 2015లో అది ఎడారికి ఎంతో దూరాన ఉన్న దక్షిణ కొరియాను వణికించింది.

గల్ఫ్ నుంచి వచ్చిన 68 ఏళ్ల వ్యక్తికి మే 20న మెర్స్ ఉన్నట్టు తేలింది. అప్పటికే ఆయన పలు ఆస్పత్రులు తిరిగాడు. కిక్కిరిసిన ఎమర్జెన్సీ వార్డులు, రోగి పక్కనే ఉండే బంధువులు (మనకూ తెలిసిన దృశ్యమే!) వైరస్‌కు బాట వేశాయి. 186 మందికి సోకితే 38 మంది చనిపోయారు. ఆస్పత్రుల పేర్లను ప్రభుత్వం జూన్ దాకా దాచడం ఘోర తప్పిదం.



మెర్స్ దెబ్బతో చట్టం మారింది. అత్యవసర వేళ పరీక్ష కిట్లకు వెంటనే అనుమతినిచ్చే వీలు కలిగింది. 2020 జనవరి 20న కొరియాలో తొలి కొవిడ్ కేసు నమోదైంది. ఫిబ్రవరి 4కల్లా కిట్‌కు అనుమతి వచ్చేసింది.