కమ్యూనిటీ మెడిసిన్ అంటే ఏ జబ్బుకు డాక్టరు?

బైపీసీ చదివే తమ్ముళ్ళను, చెల్లెళ్ళను ఏ డాక్టరవుతారని అడిగితే గుండె డాక్టరు, ఎముకల డాక్టరు, పిల్లల డాక్టరు అని టక్కున చెబుతారు. కమ్యూనిటీ మెడిసిన్ అన్నవాళ్ళు నాకింతవరకూ తగల్లేదు. బోర్డు పెట్టి ప్రాక్టీసు చేసుకునే వీలు తక్కువని పి.జి. కౌన్సెలింగులో ఆ సీటును చివరికి వదిలేస్తుంటారు. మనలాంటి కుటుంబాలకు బాగా దగ్గరైన వైద్యశాస్త్రం మాత్రం అదేనని నా నమ్మకం.

ముందు పట్టాల సంగతి. ఎం.బి.బి.ఎస్., ఇంటర్న్‌షిప్ పూర్తిచేసి మెడికల్ కౌన్సిల్‌లో రిజిస్టరైతే వైద్యం చేయవచ్చు. ఆ తర్వాత నీట్ పి.జి. రాసి మూడేళ్ళు చదివితే ఎం.డి., నేషనల్ బోర్డు ద్వారా అయితే డి.ఎన్.బి. స్పెషలిస్టు అనిపించుకోవాలంటే అలాంటి పట్టా ఉండాలి. కులం, పేదరికం, ఆడ-మగ తేడా, వైకల్యం, ఆస్పత్రికి దూరం - వీటివల్ల కొందరికి జబ్బులెక్కువ, వైద్యం తక్కువ. దీన్నే ఆరోగ్య అసమానత అంటారు. దీనికని మన దేశంలో విడిగా స్పెషలిస్టు పట్టా లేదు. ఎక్కువగా చదివించేది కమ్యూనిటీ మెడిసిన్‌లోనే. దేశంలో ప్రతి వైద్య విద్యార్థినీ 'సామాజిక వైద్యుడి'గా తయారుచేయాలని, అందుకు 3 నెలల శిక్షణ ఇవ్వాలని భోర్ కమిటీ 1946లోనే సిఫారసు చేసింది.

మన డెల్టా జబ్బునే తీసుకుందాం. బోదకాలు తెలియని ఊరు ఇక్కడుండదు. ఫైలేరియా పురుగును మోసే క్యూలెక్స్ దోమ నిలవ మురుగులో గుడ్లు పెడుతుంది. మన పేటలు చాలా ఊళ్ళలో పల్లంలో, ఊరి మురుగంతా వచ్చి చేరేచోట ఉంటాయి. అంటే దోమకు కులం తెలియకపోయినా, ఇల్లెక్కడ కట్టుకోవాలో నిర్ణయించిన కులమే దోమకు దారి చూపించింది. జాతీయ ఫైలేరియా నియంత్రణ కార్యక్రమం 1955లో మొదలైంది. 2004 నుంచి జబ్బున్న జిల్లాల్లో ఏడాదికోసారి ఇంటింటికీ డి.ఇ.సి. మాత్రలు పంచారు. ఈ పురుగు పిల్లలు రాత్రిపూటే రక్తంలోకి వస్తాయి కనుక సిబ్బంది రాత్రి పొద్దుపోయాక రక్తం తీయడానికి వస్తారు. ఆ కారణం చెప్పకపోతే జనం తలుపు తీయరు. చెప్పడం కూడా వైద్యమే.

కాలు వాచాక చేసే వైద్యం ఇంకా చిత్రం. రోజూ సబ్బుతో కడిగి, వేళ్ళ సందులు పొడిగా తుడుచుకోవాలి. సందులు పాసిపోతే అక్కడినుంచి సూక్ష్మక్రిములు దూరి, జ్వరమొచ్చి, వాపు పెరుగుతుంది. సలహా మంచిదే. నాట్ల రోజుల్లో పొద్దున్నుంచి సాయంత్రం దాకా బురదలో నిలబడే ఆడకూలీకి ఆ సలహా ఎలా ఆచరించాలో కూడా డాక్టరే ఆలోచించాలి. "నువ్వు మాట వినవు" అని కసిరితే ఆమె మళ్ళీ ఆస్పత్రి గడప తొక్కదు. తెల్లబట్ట అవుతోందని చెప్పుకోవడానికి సిగ్గుపడే మనిషి అసలే తొక్కదు.

గజ్జి గురించి హాస్టలు వాళ్ళకు ఎవరూ పాఠం చెప్పనక్కర్లేదు! ఒకే చాప మీద ముగ్గురు పడుకునే గదిలో ఒక్కడికే మందు రాస్తే పదిహేను రోజుల్లో మళ్ళీ వస్తుంది. గదిలో అందరికీ ఒకేరోజు రాసి, దుప్పట్లు వేడినీళ్ళలో ఉతకాలి. ఇక్కడ రోగి ఒక పిల్లవాడు కాదు, గది మొత్తం.

గోదావరి ఎగువన రంపచోడవరం వైపు ఏజెన్సీలో మలేరియా. కొన్ని రకాల మలేరియాలో ఇచ్చే ప్రైమాక్విన్ మాత్ర, జి-6-పి-డి అనే ఎంజైము పుట్టుకతో లోపించినవారిలో ఎర్ర రక్తకణాలను పగలగొడుతుంది. ఈ లోపం, సికిల్ సెల్ జబ్బు కొన్ని గిరిజన తెగల్లో ఎక్కువ. 2023లో దేశవ్యాప్తంగా సికిల్ సెల్ నిర్మూలన మిషన్ మొదలైంది. అయినా పేరు, ఊరు చూసి జబ్బు అంటగట్టకూడదు, పరీక్ష చేయాలి. వేలికి పెట్టే పల్స్ ఆక్సీమీటరు కూడా నల్లని చర్మం మీద ఆక్సిజన్ ఉన్నదానికంటే ఎక్కువ చూపించవచ్చని 2020లో అమెరికాలో ఒక పరిశోధన తేల్చింది.

చదువులోనూ మార్పు వస్తోంది. 2019లో వచ్చిన కొత్త ఎం.బి.బి.ఎస్. పాఠ్యప్రణాళికలో నడవడి, నీతి, రోగితో మాట్లాడే తీరు పాఠాలయ్యాయి. తర్వాత కుటుంబ దత్తత కార్యక్రమంలో విద్యార్థులకు పల్లెల్లో కొన్ని కుటుంబాలను అప్పగిస్తున్నారు. అమెరికాలో కాలిఫోర్నియా రాష్ట్రం 2019లో చేసిన చట్టం ప్రకారం 2022 నుంచి డాక్టర్ల నిరంతర విద్యా కోర్సుల్లో, మనకే తెలియకుండా మనలో ఉండే వివక్ష గురించి చెప్పాలి. మన దగ్గర ఆ పాఠం తరగతి గదిలోనే మొదలుకావాలి. ఢిల్లీ ఎయిమ్స్‌లో ఎస్సీ, ఎస్టీ విద్యార్థులు ఎదుర్కొన్న వివక్షను థోరట్ కమిటీ 2007లో నివేదికగా ఇచ్చింది.

కాకినాడ రంగరాయ మెడికల్ కాలేజీ 1958 నుంచి ఉంది. 2023లో రాజమహేంద్రవరం, ఏలూరులో ప్రభుత్వ వైద్య కళాశాలలు మొదలయ్యాయి. మెడికల్ సీటు రాకపోయినా ఈ దారి మూసుకుపోదు. వేరే డిగ్రీలవాళ్ళను కూడా పబ్లిక్ హెల్త్ మాస్టర్స్ కోర్సులో చేర్చుకునే విశ్వవిద్యాలయాలున్నాయి. అర్హతలు ఏటా ప్రకటనలో చూసుకోండి. బి.ఎస్సీ. నర్సింగ్ చేస్తున్న మన అక్కలకు ఈ కబురు ముందుగా చెప్పండి.