పొగాకు పన్నుపై పోరాటము: పదునెనిమిదవ శతాబ్దపు బ్రిటనులో ప్రభుత్వాదాయ వివాదములు

1733వ సంవత్సరము ఏప్రిల్ నెలలో ఒక రాత్రి లండను నగర వీధులలో ప్రజలు మంటలు వేసి, కిటికీలలో దీపములు పెట్టి, ప్రభుత్వమునకు నాయకుడైన సర్ రాబర్ట్ వాల్పోల్ దిష్టిబొమ్మను కాల్చిరి. యుద్ధములో జయము కలిగినందులకు గాని, రాజుగారికి మనుమడు పుట్టినందులకు గాని కాదు ఆ సంబరము. పొగాకుమీద పన్ను వసూలు చేయు పద్ధతిని మార్చెదమని తెచ్చిన బిల్లును ప్రభుత్వము విరమించుకొనెను, అంతే. పన్ను హెచ్చించెదమని ఎవరును అనలేదు. హెచ్చింపని పన్నుకు ఇంత గగ్గోలు ఏల పుట్టినది?

దీనికి వెనుక పెద్ద అప్పు ఒకటి కలదు. 1688లో రాజు మారిన పిదప ఇంగ్లండు ఫ్రాన్సుతో దీర్ఘయుద్ధములకు దిగెను. పూర్వము రాజులు తమ పేర అప్పు చేసి, వీలైనప్పుడు తీర్చుచు, వీలుకానప్పుడు ఎగవేయుచు ఉండెడివారు. ఇప్పుడు పార్లమెంటు పూచీపడి, ఈ వడ్డీకి ఈ పన్ను అని ముందుగనే కేటాయింపసాగెను. 1694లో వెలసిన బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండు చేసిన మొదటి పని ప్రభుత్వమునకు 12 లక్షల పౌనులు అప్పిచ్చుటయే. ఋణము 1714 నాటికి సుమారు 4 కోట్ల పౌనులు, 1763 నాటికి 13 కోట్లు, అమెరికా యుద్ధము ముగిసిన 1783 నాటికి 23 కోట్ల పైచిలుకు అయ్యెను. అసలు తీరకపోయినను అప్పులవాడు ఓర్చుకొనును. వడ్డీ గడువు తప్పినచో మరల అప్పు పుట్టదు. జాతి ఈ ప్రభుత్వ పరపతిని రూపుమాపనిచో పరపతియే జాతిని రూపుమాపునని తత్త్వవేత్త డేవిడ్ హ్యూమ్ 1752లో హెచ్చరించెను. ఆ జోస్యము ఫలింపలేదు. వడ్డీకి చాలినంత పన్ను ఏటేట వసూలగుచుండుటయే అందులకు ముఖ్యకారణము.

మరి ఆ పన్ను ఎవరు ఇయ్యవలెను? పార్లమెంటులో కూర్చున్నవారు ఎక్కువగ భూస్వాములు. యుద్ధకాలములో భూమిపన్ను పౌనుకు 4 షిల్లింగులు. పౌనుకు 20 షిల్లింగులు గనుక, రాబడిలో ఐదవవంతు అన్నమాట. యుద్ధపు ఖర్చు మేము మోయుచుండగా, ఆ వడ్డీలు తిని లండను షాహుకార్లు బలియుచున్నారని పల్లెటూరి పెద్దమనుష్యుల ఫిర్యాదు. అందులో నిజము లేకపోలేదు. అయితే లెక్కకు పట్టిన భూమివిలువ 1690 ప్రాంతమున కట్టినది; తరువాత కౌళ్లు పెరిగినచోట కూడ అది పెరుగలేదు. ఈ సంగతి ఫిర్యాదు చేయువారు అంతగ చెప్పెడివారు కారు.

1721లో అధికారమునకు వచ్చిన వాల్పోల్, ఈ భూస్వాములను సంతుష్టిపరుపనెంచి, 1732లో భూమిపన్నును ఒక్క షిల్లింగునకు దించెను. ఆ లోటు పూడ్చుటకు, రెండేండ్ల క్రిందటనే ఎత్తివేసిన ఉప్పుపన్నును మరల విధించెను. కలవాని భారము దించి ఉప్పు తినువాని నెత్తిన పెట్టుట న్యాయమా యని ప్రతిపక్షము వారడిగిరి. అందరును తలకు కొంచెము ఇచ్చినచో ఎవరికిని బరువు తెలియదని వాల్పోల్ సమాధానము. ఈ సమాధానము ఎన్నిమారులు చదివినను నాకు రుచింపలేదు. కూలివాని కొంచెమును ఎస్టేటుదారుని కొంచెమును ఒకటి కావు గదా.

ఉప్పు తరువాత వంతు పొగాకుదియు ద్రాక్షసారాయముదియు. వర్జీనియా, మేరీలాండు వలసలనుండి ఓడలలో వచ్చు పొగాకుపై రేవులో సుంకము కట్టవలెను. ఆ సరకునే మరల ఐరోపాకు ఎగుమతి చేసినచో, కట్టిన సుంకము తిరిగి ఇచ్చివేయుదురు. మోసమునకు ఇంతకంటె అనువైన ఏర్పాటు దొరకదు. దించునప్పుడు తూకము తగ్గించి వ్రాయించుట, ఎగుమతిచేయునప్పుడు హెచ్చించి వ్రాయించుట, పనికిరాని కాడలను మంచి పొగాకుగా చూపి సుంకము వాపసు పుచ్చుకొనుట, పంపిన సరకునే చీకటిలో మరొక తీరమున దించుట, ఇన్ని విధములుగ బొక్కసమునకు గండిపడెను. తూకము వేయు ఉద్యోగియు వర్తకుడును కలిసిపోయినప్పుడు పట్టువాడెవడు?

వాల్పోల్ పథకము సులభమైనది. రేవులో సుంకము స్వల్పముగ ఉంచి, సరకును ప్రభుత్వపు గిడ్డంగిలో తాళము వేసి ఉంచవలెను. ఎగుమతి చేయదలచినవాడు పన్ను లేకయే కొనిపోవచ్చును. దేశములో అమ్మదలచినవాడు గిడ్డంగినుండి తీయునాడు ఎక్సైజు చెల్లింపవలెను. ముందుగనే సుంకమునకు డబ్బు వెదకుకొనవలసిన అవసరము నిజాయితీగల వర్తకునకు తప్పును. లండను ప్రపంచమునకంతటికిని బజారగునని వాల్పోల్ ఆశచూపెను.

మన యెడ ఎక్సైజు అనగనే కల్లు, సారాయి స్ఫురించును. అక్కడ దాని వ్యాప్తి చాల పెద్దది: బీరు, మాల్టు, కొవ్వొత్తులు, సబ్బు, తోలు, కాగితము, అన్నిటికిని తగిలెను. 1643లో అంతర్యుద్ధపు అక్కరకై పార్లమెంటు దీనిని మొదట విధించెను. సుంకపు ఉద్యోగి రేవులో నిలుచును. ఎక్సైజు ఉద్యోగి దుకాణములోనికి వచ్చును. బీరు కాచువాని యింట కొలబద్దతో దిగి, తొట్టి లోతు కొలిచి, పుస్తకమున వ్రాసికొని పోవును. మరల ఎప్పుడు వచ్చునో తెలియదు. తప్పు పట్టినచో విచారణ జూరీ యెదుట కాదు. ఎక్సైజు కమీషనర్లు గాని, స్థానిక మేజిస్ట్రేటులు గాని తేల్చివేయుదురు. లెక్కలలో పరీక్షింపబడి, ఒకచోటినుండి మరొకచోటికి మార్చబడుచుండిన ఈ ఉద్యోగులు ఆ కాలపు సర్కారు కొలువులో మిక్కిలి సమర్థులు. సమర్థుడు గనుకనే భయము. లంచము తినువానిని వర్తకుడు ఎరుగును. తిననివానిని ఏమి చేయవలెనో అతనికి తెలియదు.

బోలింగ్‌బ్రోక్, విలియం పుల్ట్నీలు నడపిన క్రాఫ్ట్స్‌మన్ పత్రిక ఈ భయమును ఊరూర చాటెను. నేడు పొగాకు, రేపు రొట్టె, మాంసము, బట్ట అని రేకెత్తించిరి. ఎక్సైజు వచ్చినచో ఫ్రెంచి రైతువలె కొయ్యచెప్పులు తొడుగవలసివచ్చునని కేకలు పుట్టినవి. ఇంగ్లీషువారి దృష్టిలో కొయ్యచెప్పు బానిసత్వమునకు గుర్తు. నివాసగృహములలో వారంటు లేనిదే సోదా ఉండదని వాల్పోల్ హామీ ఇచ్చెను, వినువారెవరు? యాబదికి పైగ నియోజకవర్గములు తమ సభ్యులకు ఈ బిల్లును వ్యతిరేకింపుడని ఉత్తరువులు పంపినవి. మార్చి 14న కామన్సు సభలో చర్చ నడురేయి దాటెను. సభవెలుపల మూగిన జనమును వాల్పోల్ బలిసిన బిచ్చగాండ్రని నోరుజారెను. పేరున్న వర్తకులు ఆ మాటను మరువలేదు. నాడు 265 ఓట్లకు 204 వచ్చెను. అనగా 61 ఓట్ల ఆధిక్యము. ఏప్రిల్ 10న లండను నగరపు విజ్ఞప్తిపై జరిగిన ఓటింగులో ఆ 61 కరిగి 17 అయ్యెను. మరునాడు వాల్పోల్ బిల్లును జూను 12వ తేదీకి వాయిదా వేయించెను. అప్పటికి సభ ముగిసియుండునని అందరికిని తెలియును.

ఎవరి పక్షమున న్యాయమున్నది? ఆడం స్మిత్ 1776లో ప్రకటించిన తన గ్రంథమున వాల్పోల్ పథకమును మెచ్చి, దొంగసరకు వర్తకుల స్వార్థమే ఆ గగ్గోలు లేపినదనెను. అది చాలవరకు సత్యమే. అయినను జూరీ లేని విచారణకు వెఱచిన చిల్లర దుకాణదారుని దొంగయనజాలము. అతని భయము అతనిదే. దానిని పెద్దవర్తకులు అద్దెకు తెచ్చుకొనిరి.

ఆ భయము ముప్పదియేండ్లకు మరల రేగెను. 1763లో ఆపిలు పండ్ల రసముతో ఇంటింట చేసికొను సైడరు మీద ఎక్సైజు విధింపగ, పశ్చిమ జిల్లాల రైతులు మండిపడిరి. గాలివానలు చొరగల పేదవాని గుడిసెలో రాజు చొరజాలడని పెద్ద పిట్ వాదించెనని ప్రసిద్ధి. 1766లో అది రద్దయ్యెను. డాక్టరు జాన్సన్ 1755 నాటి తన నిఘంటువులోనే ఎక్సైజును అసహ్యమైన పన్నని నిర్వచింపగ, ఎక్సైజు కమీషనర్లు అది నేరమగునా యని అటార్నీ జనరలును అడిగిరి. అగునని ఆయన అభిప్రాయపడెను గాని దావా మాత్రము వేయలేదు. వేసియున్నచో నిఘంటువు మరింత అమ్ముడుపోయియుండును. అమెరికా వలసలపై వేసిన స్టాంపుపన్ను కథ వేరొక ప్రసంగమునకు చాలును.

అప్పుమాత్రము ఆగలేదు. పెద్ద పిట్ కుమారుడైన చిన్న పిట్ 1784లో టీ మీది పన్నును నూటికి 119నుండి పన్నెండున్నరకు దించి, లోటును కిటికీల పన్ను హెచ్చించి పూడ్చెను. ఈస్టిండియా కంపెనీవారి టీ అమ్మకము త్వరలోనే రెండింతలు మించెను, దొంగరవాణా కూలిపోయెను. టీ త్రాగనివాడు తన కిటికీకి హెచ్చుపన్ను కట్టి త్రాగువానిని పోషించుచున్నాడన్న సణుగుడు కూడ వినవచ్చెను. తరువాత 1786లో ద్రాక్షసారాయమును, 1789లో పొగాకును ఆయన ఎక్సైజు క్రిందికి తెచ్చెను. వాల్పోల్‌ను పడద్రోయజూచిన పని యాబదియారేండ్లకు నెరవేరెను. పొగాకు వర్తకులు గొణిగిరి గాని వీధులలో మంటలు లేవలేదు.

ఫ్రాన్సుతో యుద్ధము ముదిరినప్పుడు ఎక్సైజు కూడ చాలలేదు. 1799నుండి ఆదాయపు పన్ను అమలులోనికి వచ్చెను. ఏటికి 60 పౌనుల లోపువారికి మినహాయింపు. 200 పౌనులు మించినవారికి పదవవంతు. కోటి పౌనులు వచ్చునని అంచనా వేయగ 60 లక్షలు మాత్రమే వచ్చెను. ఈమారు వచ్చినవాడు తొట్టి లోతు కాదు, చిట్టాపుస్తకము అడిగెను. యుద్ధము ముగియగనే, 1816లో, కామన్సు సభ ప్రభుత్వమును ఓడించి ఆ పన్నును రద్దుచేసి, దాని కాగితములన్నిటిని నాశనము చేయవలసినదని ఆదేశించెను. వాని నకళ్లు మరొక కార్యాలయమున భద్రముగ నిలిచియుండెను. 1842లో ఆదాయపు పన్ను తిరిగివచ్చెను.