పగడాల తొట్టెకు ముందు ప్రవాహం.. తర్వాతే ఇసుక

విశాఖపట్నం: ఇంట్లో సముద్రపు అక్వేరియం పెట్టుకోవాలనుకునేవారి దృష్టి ముందుగా చేపలు, దీపాలపైనే ఉంటుంది. అడుగున పరిచే ఇసుక, నీటిని కదిలించే పంపుల విషయానికి వచ్చేసరికి దొరికినదానితో సరిపెట్టుకుంటారు. ఫలితంగా ఇసుక లేచి పగడాలపై పడటమో, మూలల్లో మురికి పేరుకుని నీరు చెడటమో జరుగుతుంది. ఈ రెండింటినీ విడివిడిగా ఎంచుకోకూడదు. పెంచే జీవిని బట్టి ప్రవాహాన్ని, ప్రవాహాన్ని బట్టి ఇసుకను నిర్ణయించుకోవాలి.

కదిలే నీరే ప్రాణాధారం

పగడపు జీవి ఉన్నచోటు నుంచి కదలదు. ఆహారం, ప్రాణవాయువు నీటితోపాటే దాని చెంతకు రావాలి. మలినాలు, ఒంటిపై చేరిన జిగురు ఆ నీటితోనే కొట్టుకుపోవాలి. తొట్టెలోని నీటికి ఎన్ని రెట్ల నీటిని పంపులు గంటలో కదిలిస్తాయన్నదే ఇక్కడ కొలమానం. మెత్తని పగడాలకు 10 నుంచి 20 రెట్లు, కండ ఎక్కువగా ఉండే గట్టి పగడాలకు 20 నుంచి 30 రెట్లు, కొమ్మల్లా పెరిగేవాటికి 40 రెట్లు, అంతకుమించి అవసరమవుతుంది.

మూడడుగుల పొడవు, అడుగున్నర చొప్పున వెడల్పు, ఎత్తు ఉన్న తొట్టెలో దాదాపు 190 లీటర్లు పడతాయి. దానికి 20 రెట్లంటే గంటకు 3,800 లీటర్లు. ఒక పెద్ద పంపు కంటే ఎదురెదురుగా అమర్చిన రెండు చిన్న పంపులు మేలు. రెండు ధారలు కలిసినచోట నీరు సుడులు తిరిగి మూలమూలకూ చేరుతుంది. ధార నేరుగా పగడంపై పడితే కండ చిరిగిపోతుంది.

రేణువు పరిమాణమే కీలకం

అర మిల్లీమీటరు కంటే సన్నని ఇసుక బలమైన ప్రవాహానికి లేచిపోతుంది. మూడు మిల్లీమీటర్లు దాటిన ముతక రేణువుల సందుల్లో ఆహారపు తునకలు ఇరుక్కుని కుళ్లుతాయి. ఒకటి, రెండు మిల్లీమీటర్ల రేణువులు ఎక్కువ తొట్టెలకు సరిపోతాయి. మూడు సెంటీమీటర్ల మందాన పరిస్తే చాలు. పైన చెప్పిన తొట్టెకు సుమారు 20 కిలోలు పడుతుంది. పది సెంటీమీటర్లు దాటిన పొరలో నైట్రేట్‌ను తొలగించే బ్యాక్టీరియా పెరిగే మాట నిజమే. అయితే పాతబడిన ఆ పొరను కదిలిస్తే విషవాయువు వెలువడి చేపలు చనిపోయే ప్రమాదముంది. రాళ్లను ముందుగా అడుగు అద్దంపై నిలిపి, ఆ తర్వాతే చుట్టూ ఇసుక పోయాలి. లేకుంటే ఇసుకను తవ్వే చేపలు, రొయ్యల వల్ల రాళ్లు ఒరిగిపోతాయి.

తీరం ఇసుక పనికిరాదు

సముద్రం పక్కనే ఉండగా ఇసుక కొనడమెందుకన్న ఆలోచన సహజం. విశాఖ, భీమిలి తీరాల ఇసుకలో ప్రధానంగా ఉండేది స్ఫటికం. దానితోపాటు ఇల్మనైట్, గార్నెట్ వంటి బరువైన ఖనిజాలుంటాయి. అయస్కాంతానికి అంటుకునే నల్లని రేణువులు పంపులోకి చేరి దాన్ని అరగదీస్తాయి. నగర మురుగు, నూనె అవశేషాలు అదనం. పగడాల తొట్టెకు కావలసింది అరగొనైట్ పేరుతో అమ్మే సున్నపు ఇసుక. చిటికెడు ఇసుకపై నాలుగు చుక్కల వెనిగర్ వేస్తే తేడా తెలుస్తుంది. సున్నపు ఇసుకైతే బుడగలు వస్తాయి.

చట్టం మరవరాదు

గట్టి పగడాలు, నల్ల పగడాలు, సముద్రపు విసనకర్రలు 2001 నుంచి వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో ఉన్నాయి. మన సముద్రం నుంచి వాటిని సేకరించినా, అమ్మినా, కొన్నా మూడేళ్ల నుంచి ఏడేళ్ల వరకు జైలుశిక్ష పడే అవకాశముంది. విదేశాల నుంచి వచ్చినవంటూ ఎవరైనా అమ్మజూపితే దిగుమతి అనుమతి పత్రాలు చూడనిదే కొనరాదు. పగడాలు లేకుండా చేపలు, రాళ్లతో నడిపే తొట్టెకూ పై సూత్రాలే వర్తిస్తాయి.

విద్యుత్ కోత వేళ పంపులు ఆగితే కొద్ది గంటల్లోనే నీటిలో ప్రాణవాయువు తగ్గిపోతుంది. బ్యాటరీతో నడిచే గాలి పంపును ముందే సిద్ధంగా ఉంచుకోవాలి. చేపలను ఆ తర్వాతే తెచ్చుకోవడం ఉత్తమం.