పదో వాయిదా ఖరీదు

ఒక మైక్రోఫైనాన్స్ ఫీల్డ్ ఆఫీసరు కింద 450 మంది సభ్యులున్నారనుకుందాం. తలా 40,000 రూపాయల అప్పు, 24 శాతం వడ్డీ, రెండేళ్ల గడువు. నెల వాయిదా 2,115 రూపాయలు పడుతుంది. నెలకు అతని చేతుల మీదుగా రావాల్సింది 9,51,750. కంపెనీ గీసిన గీత 98 శాతం. అందుకుంటే 4,000 రూపాయల ఇన్సెంటివ్, అందుకోకపోతే సున్నా. ఈ అంకెలు లెక్క కోసం నేను వేసుకున్నవే. పద్ధతి మాత్రం ఈ రంగంలో పనిచేసిన ఎవరిని అడిగినా చెబుతారు.

450లో రెండు శాతమంటే తొమ్మిది మంది. తొమ్మిది మంది కట్టకపోయినా కుర్రాడికి నాలుగు వేలూ వస్తాయి. పదో మనిషి కూడా కట్టకపోతే వసూలు 97.8 శాతానికి దిగుతుంది, ఒక్క రూపాయి రాదు. ఆ పదో ఆవిడ వాయిదా కంపెనీకి 2,115 రూపాయలు, ఇతనికి 4,000. నెలాఖరు సాయంత్రం జేబులోంచి 2,115 తీసి ఆవిడ పేరు మీద కట్టేస్తే ఇతనికి ఇంకా 1,885 మిగులుతుంది. చాలామంది చేసేది అదే. ట్యాబ్‌లో ఖాతా శుభ్రంగా కనబడుతుంది, బ్రాంచ్ మేనేజరు మీద పైవాళ్ల ఒత్తిడి తగ్గుతుంది. ఆవిడ మాత్రం ఇప్పుడు ఇతనికి బాకీ పడింది. దానికి కాగితం లేదు, రసీదు లేదు. వచ్చే నెల ఆవిడ రెండు వాయిదాలు ఇవ్వాలి, ఒకటి కంపెనీకి, ఒకటి ఇతనికి. తన డబ్బు ఇరుక్కున్న మనిషి గొంతు ఎలా ఉంటుందో వేరే చెప్పాలా?

రికవరీ ఏజెంట్ల దౌర్జన్యం గురించి పేపర్లో వచ్చే వార్తల్లో తిట్లు ఉంటాయి, బెదిరింపులు ఉంటాయి, ఒక్కోసారి ప్రాణాలు పోయిన కబురూ ఉంటుంది. ఆ ఏజెంటుకు జీతం ఏ పద్ధతిలో ఇస్తున్నారో మాత్రం ఉండదు. రిజర్వు బ్యాంకు ఈ ముడిని చాలాకాలం కిందే పట్టుకుంది. 2008 ఏప్రిల్ 24న బ్యాంకులకు పంపిన సర్క్యులర్లో, కొన్ని బ్యాంకులు మరీ కఠినమైన టార్గెట్లు, భారీ ఇన్సెంటివ్‌లు పెట్టడం వల్లే ఏజెంట్లు బెదిరింపులకు దిగుతున్నారని తేల్చి చెప్పింది. ఏజెంట్లతో చేసుకునే ఒప్పందాలు అలాంటి ప్రవర్తనకు దారితీయకుండా చూసుకోమంది. 2022 మార్చిలో మైక్రోఫైనాన్స్ అప్పుల మీద ఇచ్చిన ఆదేశాల్లో ఇంకో అడుగు వేసి, సిబ్బంది జీతం లెక్కల్లో ఖాతాదారులతో వాళ్ల నడవడికకు కూడా తగిన చోటివ్వాలంది. ఎంత చోటు అన్నది రాయలేదు. ఐదు శాతం వెయిటేజీ ఇచ్చినా ఇచ్చినట్టే, ముప్ఫై ఇచ్చినా ఇచ్చినట్టే. అసలు కిటుకంతా ఆ అంకెలోనే ఉంది.

జీతం చీటీ సంగతి చూద్దాం. నెలకు 18,000 స్థిర జీతం అనుకోండి. అందులో పీఎఫ్ లెక్కకు వచ్చేది 10,000 అయితే 12 శాతం కింద 1,200 పోతుంది. జీతం 21,000 లోపే కాబట్టి ఈఎస్ఐ 0.75 శాతం, 135 రూపాయలు. వృత్తిపన్ను మన రెండు రాష్ట్రాల్లోనూ 15 వేలు దాటి 20 వేల లోపు ఉన్నవాళ్లకు 150. చేతికొచ్చేది 16,515. పక్క వీధిలోని ప్రభుత్వ రంగ బ్యాంకులో కొత్తగా చేరిన క్లర్కుకు, 2024 మార్చి 8న కుదిరిన 12వ ద్వైపాక్షిక ఒప్పందం ప్రకారం, మూలవేతనమే 24,050 నుంచి మొదలవుతుంది. డీఏ, ఇంటద్దె దాని మీద అదనం. వ్యాపారం ఇద్దరిదీ అప్పులివ్వడమే. ఒకరికి యూనియన్, దేశమంతటికీ ఒకే ఒప్పందం ఉన్నాయి. రెండో వాళ్లకు ఉన్నది వాట్సాప్ గ్రూపు, అందులో గంటకోసారి కలెక్షన్ శాతం.

ఇక బండి ఖర్చు. రోజుకు 80 కిలోమీటర్లు, నెలకు 26 రోజులంటే 2,080 కిలోమీటర్లు. లీటరుకు 50 ఇచ్చే బండి అయితే దాదాపు 42 లీటర్లు తాగుతుంది. 2025లో హైదరాబాద్‌లో పెట్రోలు 107 రూపాయల పైనే ఉండేది, అంటే సుమారు 4,450. కంపెనీ కిలోమీటరుకు రెండు రూపాయలు ఇస్తే 4,160 వస్తుంది. టైర్లు, సర్వీసింగు, ఆ బండి మీదున్న ఈఎంఐ అన్నీ మనవాడి ఖాతాలోనే. అప్పు వసూలుకు వెళ్లేవాడి బండి కూడా అప్పు మీదే నడుస్తోందన్నమాట.

నా లెక్కలో అసలు దెబ్బ పడేది పని గంటల దగ్గర. సభ్యుల బృందాలతో జరిగే సెంటర్ మీటింగులు పొద్దున్నే పెట్టుకుంటారు, ఎందుకంటే ఎనిమిదయ్యేసరికి సభ్యులు కూలికో మిర్చి కోతకో వెళ్లిపోతారు. ఏడింటికి సెంటర్ లీడరు ఇంటి వరండాలో చాప పరుస్తారు. పది మంది రావాలి, ఏడుగురు వస్తారు. మడతలు పడ్డ ఐదు వందల నోట్లు, కొంగు ముడిలోంచి తీసిన వంద నోట్లు లెక్కబెట్టి, ట్యాబ్‌లో ఒక్కొక్క పేరూ ఎక్కించాలి. రాని ముగ్గురి కోసం లీడరు ఫోను చేస్తూ ఉంటుంది, ఇతను తర్వాతి ఊరి మీటింగు టైము చూసుకుంటూ ఉంటాడు. ఇలా మూడు నాలుగు ఊళ్లు తిరిగి, మధ్యాహ్నం కొత్త అప్పులకు ఇళ్ల విచారణ చేసి, డబ్బు బ్యాంకులో కట్టి, బ్రాంచిలో లెక్క సరిపెట్టేసరికి సాయంత్రం ఆరు.

మధ్యలో గంట తిండికి తీసేసినా రోజుకు పది గంటలు, వారానికి ఆరు రోజులంటే అరవై. తెలంగాణ ప్రభుత్వం 2025 జులైలో వాణిజ్య సంస్థల్లో రోజుకు పది గంటల పనికి అనుమతిచ్చింది గాని, వారానికి 48 గంటల హద్దు అలాగే ఉంచింది. అది దాటితే ఓవర్‌టైం ఇవ్వాలి. వారానికి 12 గంటలు, నాలుగు వారాలకు 48 గంటలు. 18,000ను 26 రోజులకు, రోజుకు ఎనిమిది గంటలకు పంచితే గంటకు 86.50. రెట్టింపు రేటు 173. మొత్తం దాదాపు 8,300 రూపాయలు. జేబులోంచి వాయిదా కట్టించేంత ఆశ పెట్టిన ఆ ఇన్సెంటివ్ నాలుగు వేలు, అడగకుండా వదిలేస్తున్న ఓవర్‌టైం దానికి రెట్టింపు పైనే.

మీరు ఆఫీసర్లు, మీకు ఓవర్‌టైం ఉండదు అంటారు హెచ్ఆర్ వాళ్లు. పేరు పక్కన ఆఫీసరు అని ఉన్నంత మాత్రాన కార్మిక చట్టం దృష్టిలో ఆఫీసరు అయిపోరు. చేసే పనేమిటన్నదే కోర్టులు చూస్తాయి. కింద ఒక్క మనిషి కూడా లేకుండా బండి మీద ఊళ్లు తిరిగేవాడు ఎవరి మీద ఆఫీసరు?

ఏజెన్సీ కింద పనిచేసే రికవరీ కుర్రాళ్ల పరిస్థితి దీనికన్నా పలచన. వాళ్లలో చాలామందికి జీతమే ఉండదు, వసూలు చేసినదాంట్లో శాతం ఉంటుంది. బాకీ ముదిరేకొద్దీ ఆ శాతం పెరుగుతుంది. 30 రోజుల లోపు బాకీకి తక్కువ, 90 రోజులు దాటి ఎన్‌పీఏ, అంటే మొండి బాకీ అయినదానికి ఎక్కువ. కమీషన్ మీద 2024 అక్టోబరు నుంచి 2 శాతం టీడీఎస్ కోస్తారు, అంతకు ముందు 5 శాతం ఉండేది. పీఎఫ్, ఈఎస్ఐ, సెలవు అన్న మాటలే ఉండవు. ఈ పనిలో దిగాలంటే డిగ్రీ లేనివాళ్లకు 100 గంటలు, ఉన్నవాళ్లకు 50 గంటలు శిక్షణ, ఆపైన ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ బ్యాంకింగ్ అండ్ ఫైనాన్స్ పెట్టే డెట్ రికవరీ ఏజెంట్ (డీఆర్ఏ) పరీక్ష పాసవ్వాలి. ఉదయం 8కి ముందు, రాత్రి 7 తర్వాత బాకీ కోసం ఫోన్ చేయకూడదన్నది 2022 ఆగస్టు నాటి రిజర్వు బ్యాంకు నిబంధన. మైక్రోఫైనాన్స్ అప్పులకైతే 9 నుంచి 6 వరకే.

తప్పు జరిగినప్పుడు కేసులో ముందుగా పడే పేరు మాత్రం కింది కుర్రాడిదే. 2010 అక్టోబరు 15న ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఆర్డినెన్సు తెచ్చి, తర్వాత చట్టం చేసినప్పుడు, బలవంతపు వసూలుకు మూడేళ్ల దాకా జైలు పెట్టారు. వసూళ్లు దాదాపు పది శాతానికి పడిపోయాయి, బ్రాంచిలు మూతపడ్డాయి, వేలమంది ఫీల్డ్ సిబ్బంది రోడ్డున పడ్డారు. ఆ సంక్షోభానికి రెండు నెలల లోపు ముందే, ఆగస్టులో, ఎస్‌కేఎస్ మైక్రోఫైనాన్స్ షేరు 985 రూపాయల ధరకు జనంలోకి వచ్చి స్టాక్ మార్కెట్లో లిస్టయింది. ఆ షేరు లాభం ఎవరికి చేరిందో గాని, మీటింగు చాప మీద కూర్చున్నవాడికి మాత్రం చేరలేదు. 2025 ఫిబ్రవరిలో కర్ణాటక తెచ్చిన ఆర్డినెన్సులో శిక్ష పదేళ్ల దాకా, జరిమానా 5 లక్షల దాకా పెరిగింది. ఇన్సెంటివ్ పట్టికను తయారుచేసినవాళ్ల గురించి ఎవరూ అడగరు.

అందుకే ఎవరూ నిలవరు. 2024 డిసెంబరులో రిజర్వు బ్యాంకు ప్రైవేటు బ్యాంకుల్లో, స్మాల్ ఫైనాన్స్ బ్యాంకుల్లో ఏటా నూటికి పాతిక మంది దాకా ఉద్యోగం వదిలేస్తున్నారని ఆందోళన పడింది. మైక్రోఫైనాన్స్ ఫీల్డులో ఇంకా ఎక్కువే. కొత్తగా వచ్చినవాడికి ఏ ఇంట్లో ఆపరేషన్ జరిగింది, ఎవరి భర్తకు పని దొరకలేదు అన్నవేమీ తెలియవు, తెరమీద అంకె ఒక్కటే కనబడుతుంది. పాతవాడు జేబులోంచి వేసిన వాయిదాలు అతనితో పాటే పోతాయి.

వెళ్లేవాడికి ఇంకో చిక్కు. మీ సెంటర్లో ఓడీ, అంటే గడువు దాటిన బాకీ, క్లియర్ చేస్తేనే రిలీవింగ్ లెటర్ అంటారు, జీతంలో కోస్తామంటారు. 2025 నవంబరు 21 నుంచి అమల్లోకి వచ్చిన వేతనాల కోడ్ ప్రకారం, డబ్బు పోయింది ఉద్యోగి నిర్లక్ష్యం వల్లేనని తేలితేనే, అదీ అతని మాట విన్నాకే, కోత వేయాలి. అన్ని కోతలూ కలిపినా జీతంలో సగం దాటకూడదు. సభ్యురాలు కట్టలేకపోవడం ఉద్యోగి నిర్లక్ష్యం కిందకు రాదు. రాజీనామా చేసినవాడికి రావాల్సిన జీతం రెండు పనిదినాల్లో ఇచ్చేయాలన్నది కూడా ఆ కోడ్‌లోనే ఉంది. ఫుల్ అండ్ ఫైనల్‌కు నలభై ఐదు రోజులు పడుతుందని ఎవరైనా మెయిల్ పెడితే, జవాబులో ఆ రెండు రోజుల సంగతి రాయండి.